చెయ్యి కన్నా ముందు మాట

కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్క కర్నూలు, నంద్యాల జిల్లాల జనమే రారు. తుంగభద్ర దాటి గద్వాల వాళ్లు వస్తారు. రాయచూరు, బళ్లారి వైపు నుంచి కన్నడం కలిసిన తెలుగుతో వస్తారు. ఆదోని, ఆలూరు పల్లెల నుంచి, నల్లమల అంచు ఊళ్ల నుంచి, పాతబస్తీ సందుల నుంచి వస్తారు. 1957లో వైద్య కళాశాల పెట్టినప్పటి నుంచీ ఇదే వరస. కడప రిమ్స్ 2006లో మొదలైంది. అక్కడికీ జమ్మలమడుగు నుంచి రాయచోటి దాకా మనుషులు వస్తూనే ఉంటారు. వీళ్లలో మంచం పట్టినవాళ్లకు డాక్టరు కనిపించేది రౌండ్ల వేళ. సిస్టరు కనిపించేది సూదికీ మందుకీ బీపీకీ. మిగతా పొద్దంతా కళ్లముందు మెదిలేది మీరు. ఎఫ్‌ఎన్‌ఓ, ఎంఎన్‌ఓ, ఆయమ్మ, వార్డుబాయ్, జీడీఏ కోర్సు చేసి ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన అమ్మాయి, ఏజెన్సీ పంపితే ఇంటికి పోయి పన్నెండు గంటల డ్యూటీ చేసే అబ్బాయి, వృద్ధాశ్రమంలో పదిమందిని ఒక్కచేత్తో చూసుకునే అక్క. పిలుపు ఏదైనా పని ఒకటే: లేపడం, కడగడం, తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పడం, పట్టుకుని నడిపించడం.

ఇవన్నీ పరాయి మనిషి ఒంటిమీద చెయ్యి వేసి చేసే పనులు. అరవై ఏళ్లు కొంగు జారనివ్వకుండా బతికిన ఆవిడ చీర మీరు విప్పుతారు. ఊళ్లో పంచాయితీలు తీర్చిన పెద్దమనిషి మొల మీరు కడుగుతారు. మీకది రోజుకు ఇరవైసార్లు చేసే పని, వాళ్లకు జన్మలో మొదటిసారి. అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది. ఏ మనిషి మీదైనా చెయ్యి పడేముందు మాట పడాలి. ఏం చేయబోతున్నారో చెప్పాలి, చేయమంటారా అని అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. మూడింట్లో కష్టమైనది ఆగడమే. ముసలి చెవికి మాట చేరి, అర్థమై, నోట జవాబు రావడానికి టైము పడుతుంది. మనమేమో రెండు సెకన్లు చూసి దుప్పటి లాగేస్తాం. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. చాలామంది ఏడో అంకెలోపే తల ఊపుతారు.

పేరు, వరస, గొంతు

మొదట మీ పేరు చెప్పండి. ఇంత చిన్న మాటకు ఉపదేశమెందుకు అనుకోవద్దు. బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టరుండేది, ముసలివాళ్ల వైద్యమే ఆమె పని. క్యాన్సర్ వచ్చి తనే రోగిగా మంచమెక్కింది. 2013లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తన దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది తామెవరో చెప్పడం లేదని గమనించింది. 'నమస్తే, నా పేరు ఫలానా' అని చెప్పండి చాలు అంటూ ఒక ఉద్యమమే లేవదీసింది. 2016లో ఆమె పోయింది గానీ, అక్కడి ఆసుపత్రుల సిబ్బంది ఆ మాట రాసిన బ్యాడ్జీలు ఇప్పటికీ పెట్టుకుంటున్నారు. అంత చదువుకున్న డాక్టరుకే వచ్చినవాళ్లెవరో తెలియక దిగులైతే, పత్తికొండ పక్క పల్లె నుంచి మొదటిసారి లిఫ్టెక్కిన అవ్వ సంగతి చెప్పాలా?

"అవ్వా, నా పేరు సుజాత. రాత్రి ఎనిమిదిదాకా నిన్ను చూసుకునేది నేనే. ఏం కావల్లన్నా నన్ను పిలువు." ఇంతే. ఇది చెప్పడానికి పట్టే టైము, ఆ తర్వాత ఆమె ఎవర్ని పిలవాలో తెలియక పదిసార్లు మూలగడం కన్నా తక్కువ.

మన సీమలో నువ్వు అనడం అమర్యాద కాదు. అవ్వనూ తాతనూ పెద్దమ్మనూ నువ్వనే పిలుచుకుంటాం. కోర్సుల్లో నేర్పే 'మీరు' కొందరు పల్లెటూరి పెద్దవాళ్లకు గీత గీసినట్టు దూరంగా తగులుతుంది. అలాగని అందరికీ ఒకే కొలత పనికిరాదు. రిటైరైన హెడ్మాస్టరును ఊరంతా సారూ అనే పిలిచి ఉంటుంది. మంచమెక్కినంత మాత్రాన ఆయన తాత అయిపోడు. కడప వైపు జేజీ అంటే కరిగిపోయే ముసలమ్మే ఇంకోచోట అవ్వా అంటే పలుకుతుంది. "నిన్ను ఏమని పిలవల్ల?" అని ఒక్కసారి అడిగితే తేలిపోతుంది. అమర్యాద వేరేచోట ఉంది. "ఆరో నంబరు బెడ్డు విరేచనం చేసుకుంది", "ఆ కాలిరిగిన ముసిలోడు", "ఏయ్, లెయ్". ఆ మాటలు మంచం మీద మనిషికి వినిపిస్తాయి. చెవుడు అనుకున్నవాళ్లకు కూడా ఇవి మాత్రం వినిపిస్తాయి.

ఇంకోరకం తప్పుంది, అది ప్రేమ వేషం వేసుకుని వస్తుంది. "మా బుజ్జి కదా, బువ్వ తింటదంట, ఆఁ అను" అని డెబ్బై ఎనిమిదేళ్ల మనిషితో పసిపాప భాష మాట్లాడటం. 2009లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులకు సేవ చేస్తున్నప్పుడు వీడియోలు తీసి చూశారు. సిబ్బంది ఇలా పాపల మాటలు మాట్లాడినప్పుడు వృద్ధులు మొరాయించడం, తోసెయ్యడం, అరవడం ఎక్కువైంది. పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడితే తగ్గింది. మతి తప్పినా మానం తప్పలేదని దీనర్థం. గొంతు తగ్గించి, ముఖానికి ఎదురుగా, వీలైతే కూర్చుని, చిన్న చిన్న మాటల్లో చెప్పండి. చెవి వినపడనివాళ్లతో అరవకండి. అరిస్తే గొంతు కీచుమంటుంది, ముసలి చెవి ముందు కోల్పోయేది ఆ కీచు స్వరాలనే.

కర్నూలు, కడప రెండూ ఉర్దూ ఊళ్లే. నాలుగు మాటలు నేర్చుకోండి. దర్ద్ అంటే నొప్పి, పానీ అంటే నీళ్లు, ఉఠో అంటే లెయ్, ఆహిస్తా అంటే నెమ్మదిగా. "నక్కో" అంటే వద్దని. అది విన్న తర్వాత కూడా చెంచా నోట్లో పెట్టకండి. బుర్ఖా వేసుకునే ఆవిడ దగ్గరికి మగ సిబ్బంది పోవలసి వస్తే పక్కన ఆడమనిషి ఉండాలి, లేకపోతే ముందు కర్టెన్ బయట నుంచే పలకరించాలి. రంజాన్ నెలలో షుగరున్న పెద్దాయన ఉపవాసం ఉంటానంటే మీరు వాదించొద్దు, ఊరుకోనూ వద్దు; సిస్టరుకు చెప్పండి, డాక్టరు మాట్లాడతారు.

ఒక ముళ్ల ప్రశ్న ఎదురవుతుంది, దాన్ని పుస్తకాల్లో రాయరు. నోట్లో ముద్ద పెడుతుంటే ఆగి, "మీరు ఏమిటోళ్లమ్మా?" అని అడుగుతారు. ఈ ఉద్యోగాల్లో ఎవరెక్కువ ఉన్నారో వాళ్లకూ తెలుసు, మీకూ తెలుసు. కోపం రావడం న్యాయమే. కులం చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు, దాచాల్సిన సిగ్గూ లేదు. "పెద్దమ్మా, ఈడ నేను నిన్ను చూసుకునే మనిషిని. తింటావా, ఇంకొంచెం సేపు ఆగల్లా?" అని మామూలు గొంతుతో అనండి. మీ చేత్తో వద్దని తెగేసి చెప్పినా, తిట్టినా, అది మీ తప్పులా మోసుకుని తిరగొద్దు. ఇన్‌చార్జి సిస్టరుకు చెప్పండి. దాన్ని తేల్చాల్సింది సంస్థ. నాకు తెలిసినంతలో, ఇలా అడిగినవాళ్లలో చాలామంది నాలుగోరోజుకు ఆ చెయ్యి కోసమే ఎదురుచూస్తారు. అయినా అడిగినప్పటి నొప్పి దాంతో చెల్లిపోదు.

ఒంటికి పోవల్ల అని అడగలేక

ఎండాకాలంలో కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 44, 45 డిగ్రీలు కూడా పలుకుతుంది. వార్డులో ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంటుంది. అప్పుడు ఒక ముసలావిడ నీళ్లు తాగదు. గ్లాసు పక్కనే ఉంటుంది, సీసా నిండుగా ఉంటుంది. "దప్పిక లేదులే నాయనా" అంటుంది. సాయంత్రానికి నాలుక పీచులా ఎండుతుంది, మాట తడబడుతుంది, రాత్రికి కొడుకును పట్టుకుని ఎవరు నువ్వు అంటుంది. అందరూ మతి పోయిందనుకుంటారు.

ఆమె పొద్దున్నుంచి లెక్క వేసుకుంటోంది. తాగితే ఒంటికి పోవాలి. పోవాలంటే ఎవర్నో పిలవాలి. తుంటి విరిగిన కాలితో బెడ్‌పాన్ పెట్టించుకోవాలి. పక్క మంచం వాళ్ల మగ చుట్టాలు చూస్తుంటారు. కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు. కబురందుకుని కొడుకొక్కడు రాత్రి బస్సులో వస్తున్నాడు. అప్పటిదాకా పక్కనున్నది పదేళ్ల మనవడు. వాడికి చెప్పలేదు. నిన్న ఒకసారి పిలిస్తే, వచ్చిన మనిషి "ఇప్పుడే కదా పోయినావు" అని విసుక్కుంది. ఆ విసుగు ఖరీదు ఇవాళ ఆమె తాగని రెండు లీటర్ల నీళ్లు.

కాబట్టి 'నీళ్లు తాగు' అని చెప్పడం సగం మాట. "నీళ్లు తాగవ్వా. ఒంటికొస్తే నేను పాన్ పెడతా, కర్టెన్ వేస్తా, ఎన్నిసార్లయినా సరే" అనేది పూర్తి మాట. ఆమె అడిగేదాకా ఉండకండి. రెండు గంటలకొకసారి మీరే దగ్గరికి పోయి నెమ్మదిగా అడగండి. 'యూరిన్ వస్తోందా' అనే మాట అర్థం కాక తల ఊపేవాళ్లున్నారు. ఒంటికి, రెంటికి అంటే అందరికీ తెలుసు, ఎవరికీ సిగ్గనిపించదు. పాన్ లోహానిదైతే చలికాలం వేడినీళ్లతో కడిగి తుడిచి పెట్టండి. మంచం తల వైపు కొంచెం ఎత్తితే పని సులువవుతుంది, పడుకుని పోవడం ఎవరికీ చేతకాదు. కాగితమో గుడ్డో ఆమె చేతికే ఇచ్చి, అందితే ఆమెనే తుడుచుకోనివ్వండి. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కి తుడవాలి, వెనక నుంచి ముందుకు తుడిస్తే మూత్రనాళానికి ఇన్ఫెక్షన్ పాకుతుంది. తీసేటప్పుడు రంగు చూడండి. చిక్కని టీ రంగులో ఉందంటే నీళ్లు చాలడం లేదని. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా అసలు రాలేదంటే, పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉందంటే, వెంటనే సిస్టరుకు చెప్పాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వాళ్లకు నీళ్ల కొలత వేరు. వాళ్ల చార్టు అడగకుండా చెంబెడు మజ్జిగ ఇవ్వొద్దు.

పక్క తడిపేసుకుంటే ఏమనాలి? ఏమీ అనకూడదు. ముక్కు చిట్లించడం కూడా అనడమే. గుడ్డలు మార్చేటప్పుడు వాళ్ల ఊరి గురించి అడగండి, ఈసారి బుడ్డలు వేశారా, వానొచ్చిందా అని. మాట అటు పోతే సిగ్గు కాస్త పలచబడుతుంది.

మొలతాడు, తాళి, మీసం

స్నానమంటే నీళ్లూ సబ్బూ ఒక్కటే కాదు. నీళ్ల వేడి మీ మోచేతితో చూడండి. షుగరున్న కొందరి పాదాలకు స్పర్శ తెలియదు, కాలినా చెప్పరు. కర్టెన్ వేయండి. కర్టెన్ లేని వార్డుల్లో రెండు దుప్పట్లు, పక్కన ఒక ఆడమనిషి, అంతే కర్టెన్. ఏ భాగం కడుగుతున్నారో అదొక్కటే తెరవండి, కడిగి తుడిచి కప్పాకే రెండోది. ముందు ముఖం, చివర మొల. ముఖం మీదుగా దుప్పటి కప్పి కాళ్లు కడిగే అలవాటు కొందరికుంది, అది మానండి. మనవైపు ముఖం కప్పేది ఒక్కసారే.

ఇక ఒంటి మీద గుర్తులు. ఆపరేషనుకు తయారు చేస్తూ మొలతాడు కత్తిరించి చెత్తబుట్టలో వేయడం ఎన్నో చోట్ల మామూలు. దాన్ని మనిషి పోయాకే తెంచే ఇళ్లు మన పల్లెల్లో కొల్లలు. స్పృహలో ఉన్న మనిషికి అది ఎలా తగులుతుందో ఆలోచించండి. "తాతా, ఆపరేషనుకు మొలతాడు ఉండకూడదంట. విప్పి నీ కొడుకు చేతికిస్తా, మళ్లీ కట్టుకుందువు" అంటే ఆయనే విప్పిస్తాడు. తాళి, మెట్టెలు కూడా అంతే. స్కానింగుకు తీయక తప్పదంటే కారణం చెప్పి, ఆమె చేతనే తీయించి, ఇంటివాళ్ల చేతికిచ్చి, ఇచ్చినట్టు సిస్టరు ముందు చెప్పి రాయించండి. పసుపుతాడు కట్టుకుని ఉంచుకోవచ్చా అని అడిగితే సిస్టరును కనుక్కుని చెప్పండి. చాలాసార్లు కుదురుతుంది.

గడ్డం గీసేటప్పుడు మీసం జోలికి పోవద్దు. సీమలో మగవాడి మీసం తండ్రి పోయినప్పుడు తీస్తారు, వేంకటేశ్వరుడికి మొక్కుంటే తీస్తారు, ఊరికే తీయరు. ముక్కులో పైపు వేయడానికి అడ్డమొస్తుందంటే ఆయన్నో కొడుకునో అడిగి కత్తెరతో కుదించండి.

పక్కకు తిప్పడం, తినిపించడం

మంచంలోంచి కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. నడుం కింద ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం — పుండ్లు పడేది ఇక్కడే. పుస్తకాల్లో 'ఎర్రబడితే' అని రాస్తారు. మన చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు. చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చర్మం కన్నా అక్కడ వేడిగానో, గట్టిగానో, మెత్తబడినట్టో ఉంటే, రంగు ముదిరితే, పుండు మొదలైందనే లెక్క. అక్కడ స్పిరిటుతో, పౌడరుతో రుద్దడం పాతకాలం పద్ధతి; లోపల నలిగిన కండను ఇంకా నలపడమే అది. గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడమూ మంచిది కాదు, దాని అంచు చుట్టూ ఒత్తి రక్తం ఆగుతుంది. మడమల కింద కాదు, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేట్టు చూడండి. తిప్పేముందు మాట మరువొద్దు: "ఇప్పుడు గోడవైపు తిప్పుతా, పట్టుకునే ఉంటా, పడవు." చెప్పకుండా తిప్పితే మనిషి బిగుసుకుపోతాడు, బరువు రెట్టింపవుతుంది, పట్టేది మీ నడుమే. మంచం చక్రాలకు బ్రేకు వేశారా చూడండి. ఒక్కరే ఎత్తొద్దు. సిబ్బంది లేరంటే ఇంటివాళ్లలో ఒకరికి దుప్పటి చివర పట్టుకోవడం నేర్పండి.

తినిపించడంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. రాగి సంగటి నమిలి తినేది కాదు; ముద్ద చేసి, ఊరుబిండిలోనో పప్పులోనో అద్ది మింగేస్తాం. పక్షవాతం వచ్చిన మనిషికి ఇంటివాళ్లు ప్రేమగా తెచ్చేది ఆ సంగటే. మింగే కండరాలు పట్టు తప్పిన గొంతులో అది అడ్డం పడుతుంది. నీళ్లూ పల్చటి మజ్జిగా కూడా ఊపిరితిత్తుల్లోకి జారే వీలుంది. పక్షవాతం మనిషికి డాక్టరో సిస్టరో మింగుడు పరీక్ష చేసి చెప్పేదాకా నోట్లో ఏదీ పెట్టకూడదు. చెప్పాక, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచాలో సగం, బలమున్న బుగ్గవైపు పెట్టాలి. మింగాడని చూసి ఇంకో చెంచా. దగ్గినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపి చెప్పాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటే, "సంగటి వద్దనడం లేదు పెద్దమ్మా, గొంతుకు బలమొచ్చేదాకా ఆగుదాం. చిక్కటి జావ పెట్టొచ్చేమో సిస్టరమ్మను అడుగుదాం" అనండి. కుడిచేత్తో పెట్టండి. ఎడమచేత్తో పెడితే ఆకలితో ఉన్నా ముఖం తిప్పుకునే పెద్దవాళ్లున్నారు.

పెట్టేముందు మీ చేతులు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరుతో అయితే 20 నుంచి 30 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనిషికీ మనిషికీ మధ్య ప్రతిసారీ. గ్లౌజులు వేసుకుంటే కడగక్కర్లేదనేది వార్డుల్లో తిరిగే అబద్ధం.

నొప్పి అడగడం, అప్పగించడం

నొప్పి పదికి ఎంత అని అడగమని కోర్సులో చెబుతారు. బడి ముఖం చూడని మనిషికి పదికి మార్కులేమిటి? వాళ్ల లెక్క వాళ్లకుంది. "రూపాయిలో పావలా తగ్గింది", "బారాణా తగ్గింది" అంటారు. 1957లో నయాపైసలొచ్చి అణాలు పోయినా, డెబ్బై దాటినవాళ్ల నోట బారాణా ఇంకా బతికే ఉంది. అదే లెక్కలో అడగండి, అదే మాట సిస్టరుకు చెప్పండి. నొప్పి రకం కూడా వాళ్ల మాటలోనే చేరవేయాలి. సలపడం వేరు, గుంజడం వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. "ఎదలో రాయి పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి గుంజుతాంది" అని చెమటలు కక్కుతున్న మనిషి మాటను మీరు గ్యాస్‌గా మార్చి చెబితే ప్రాణం మీదికొస్తుంది. ఈ మాటలు విన్నప్పుడు చేతిలో ఏ పనున్నా వదిలి పరుగెత్తాలి.

అప్పగింతలో "పేషెంటుకు బాలేదు సిస్టర్" అనడం వార్తే కాదు. చూసింది చెప్పండి: "మూడో మంచం తాత, తుంటి ఆపరేషను. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడు, మధ్యాహ్నం ముట్టలేదు. పదకొండు నుంచి ఒంటికి పోలేదు. పొద్దున నన్ను పేరు పెట్టి పిలిచాడు, ఇప్పుడు ఎవరని అడుగుతున్నాడు. మీరొకసారి వచ్చి చూడండి." ఎవరు, ఏమైంది, ఏం మారింది, ఏం కావాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతిలోంచి ఆసుపత్రులు తీసుకున్న వరస ఇదే. పై ఉద్యోగితో మాట్లాడటానికి జంకే కింది ఉద్యోగికి ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఇందులో మీ అభిప్రాయం తక్కువ, కళ్లతో చూసింది ఎక్కువ. కొట్టిపారేయడం ఎవరికైనా కష్టం.

ఇంటివాళ్లు కారిడార్‌లో మిమ్మల్నే పట్టుకుంటారు. "బతుకుతాడా అక్కా?" రిపోర్టు గురించి, రోజుల గురించి ఒక్క మాటా మీ నోట రాకూడదు. కానీ తెలియదని విదిలించుకు పోవద్దు. "అది డాక్టరు చెప్పల్ల. రౌండ్లకు వస్తారు, అప్పుడు నువ్వు ఈడే ఉండు, నేను పిలుస్తా. రాత్రి బాగా నిద్రపోయినాడు, అది నేను చూసినా." ఆ చివరి మాట మీరు ఇవ్వగలిగినది, ఇవ్వాల్సినది. మంచం పక్కన గుసగుసలు మాత్రం వద్దు. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగు పుస్తకంలో దీన్ని క్రూరత్వమని తిట్టిపోసింది. తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసి, ఏమంటున్నారో వినపడక, రోగి చెవులు రిక్కించి అలసిపోతాడని ఆమె వాదన. నూటయాభై ఏళ్లు దాటినా మన వార్డుల తలుపుల దగ్గర ఆ గుసగుసలు ఆగలేదు.

రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్న ఊళ్లున్నాయి. అక్కడ ముసలివాళ్లను చూసుకునేది మన ఆడవాళ్లు, ఇక్కడ వాళ్ల అమ్మలను చూసుకునేది మీరు. రాత్రి వీడియో కాల్ వస్తుంది. ఫోన్ ఎత్తి నేరుగా మంచం మీదికి తిప్పకండి. "జేజీ, నీ కూతురు. చూపించల్లా?" అని అడగండి. దిండు సర్దండి, తల దువ్వండి, రవిక గుండీ పెట్టండి, యూరిన్ సంచి మీద దుప్పటి లాగండి. అప్పుడు తిప్పండి. ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఎంత ప్రేమతో చేసినా నేరంతో సమానం.

మతి తప్పిన అవ్వ సాయంత్రమైతే మూట కట్టుకుంటుంది. "ఇంటికి పోవల్ల, దూడకు నీళ్లు పెట్టల్ల." దూడ లేదు, ఇల్లు అమ్మేశారు అని చెప్పి నెగ్గితే మీకొచ్చేదేమీ లేదు, ఆమె ఏడుస్తుంది, రేపు మళ్లీ అడుగుతుంది. "ఏం రంగు దూడవ్వా?" అని పక్కన నడవండి. నాలుగడుగులు వేశాక బాత్రూము చూపించండి. చాలాసార్లు ఆమెకు పోవలసింది అక్కడికే. కట్టెయ్యడం, గదిలో పెట్టి గొళ్లెం వెయ్యడం సేవ కాదు.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించడం దొంగతనమవుతుంది. స్ట్రెచర్ తోయడానికింత, మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డయితే ఇంత అని చెయ్యి చాచే అలవాటు మన ఆసుపత్రుల్లో ఉందని ఊరికంతటికీ తెలుసు. జీతాలు తక్కువనీ, కాంట్రాక్టరు నెలనెలా ఇవ్వడనీ కూడా తెలుసు. ఆ పోరాటం చేయాల్సిందే, కానీ కాంట్రాక్టరుతో, సర్కారుతో. సుగ్గి కూలి డబ్బు కొంగున కట్టుకొచ్చిన మనిషితో కాదు. చాచిన చెయ్యి చూశాక మీరు ఎంత మెత్తగా అవ్వా అన్నా ఆ పిలుపు ఆమెకు వేరేలా వినిపిస్తుంది.

ఇళ్లలో, ఆశ్రమాల్లో పనిచేసేవాళ్లకు చివరగా ఒక మాట. ఒంటి మీద కమిలిన గుర్తులు, పెన్షన్ లాక్కోవడం, అన్నం పెట్టకపోవడం మీ కంటబడితే మీరే మొదటి సాక్షి, ఒక్కోసారి మీరొక్కరే సాక్షి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది, ఫోనుకు డబ్బు పడదు. ఈ పేజీ తిప్పేముందు ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి.